నేలచూపుల చలికాలం

ఇది చదివేవాళ్లలో దళసరి అద్దాల కళ్లజోడు పెట్టుకునేవాళ్లు ఉంటే, వాళ్ల కోసమే రాస్తున్నాను. అసలు మాట ముందే చెప్పేస్తాను, మిగతాది తీరికగా చదువుకోవచ్చు. కంటి ముందు ఉన్నట్టుండి నల్లచుక్కలు గుంపుగా తిరిగితే, చీకట్లో కంటి మూల మెరిస్తే, పక్క నుంచి తెర దిగినట్టయితే, ఆ రోజే కళ్ల డాక్టరు దగ్గరికి పోండి. పండగ పోనిమ్మని, పని తెమలనిమ్మని ఆగకండి. మాకు ఈ మాట చెప్పినవాళ్లు లేరు.

నాకు రాసే అలవాటు లేదు. పెరట్లోకి వచ్చే పిట్టల గురించి, పేపర్లో వచ్చే సంగతుల గురించి ఇంట్లోవాళ్లతో వాగే అలవాటు మాత్రం ఉంది. ఇదీ ఆ వాగుడులాగే ఉంటుంది. కాకపోతే భయం సంగతి కాబట్టి అక్కడక్కడ చెయ్యి ఆగుతుంది.

మాది రాబర్ట్‌సన్‌పేట బజారులో బియ్యం, రాగులు, పప్పుల అంగడి. ఊరంతా అక్కడి బంగారు గని మీద బతికేది. ముందు అంగడి, దాని వెనక ఇల్లు, ఇంటి వెనక చిన్న పెరడు. పెరట్లో ఒక జామచెట్టు, ఒక కరివేపాకు చెట్టు, బట్టలుతికే బండ. ఇంట్లో మేం నలుగురం: మా ఆయన సత్యనారాయణ, మా అత్త కామాక్షమ్మ, మా అమ్మాయి కల్పన, నేను. కల్పన ఆ ఏడు రెండో పీయూసీ, అంటే ఇంటర్ రెండో ఏడు. నాలాగే దానికీ చిన్నప్పుడే అద్దాలు వచ్చాయి.

రోజూ పొద్దున మా ఆయన అంగడి ఊడ్చి, మూటల కింద రాలిన గింజలు చాటలో పోసి ఇచ్చేవాడు. వాటిని తీసుకెళ్లి బండ మీద చల్లేదాన్ని. ముందు పిచ్చుకలు దిగేవి. వాటిని తరుముకుంటూ గోరింకలు. కాకి మాత్రం గోడ మీద కూర్చుని, నేను లోపలికి పోయాక దిగేది. చలికాలంలో జామచెట్టు మీదికి రామచిలకలు కూడా వచ్చేవి. మా అత్తకు ఇదంతా నచ్చేది కాదు. "బీదోళ్లకు పెట్టినా పుణ్యం వస్తాది. ఆ గోరింకలకు పెడితే ఏమొస్తాది, పెరడంతా రెట్ట తప్ప?" అనేది.

డిసెంబరు

రెండువేల సంవత్సరం డిసెంబరులో ఒక పొద్దున గింజలు చల్లి తలెత్తాను. ఆకాశం మబ్బుగా, తెల్లగా ఉంది. దాని మీద చిన్న చిన్న నల్లపిట్టల గుంపు ఒకటి కుడి వైపుకు పోతోంది. బేతమంగళ చెరువు వైపు పోతున్నాయేమో అనుకున్నాను. చూపు తిప్పాను. గుంపు కూడా తిరిగింది. కళ్లు మూసి తెరిచాను. అక్కడే ఉంది. గోడ వైపు చూస్తే గోడ మీద ఉంది, నేల వైపు చూస్తే నేల మీద ఉంది.

ఆ సాయంత్రం కరెంటు పోయింది. దీపం కోసం తడుముకుంటుంటే కుడికంటి మూల ఎవరో అగ్గిపుల్ల గీసినట్టు మెరిసింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు.

మా ఆయనకు చెప్పాను. గని మూసేస్తారన్న మాట బజారంతా గుప్పుమన్న రోజులవి. అంగడికి వచ్చినవాళ్లు సరుకు అడగడం మాని ఆ మాటే మాట్లాడుకునేవారు. ఆయన ధ్యాసంతా అక్కడే ఉంది. "అద్దాలు మార్చాలేమో రత్నా, ఆదివారం పోదాం" అన్నాడు. మా అత్త మాత్రం వెంటనే కదిలింది. వేడి చేసిందని తేల్చింది. పక్కింటివాళ్ల చెట్టు నుంచి నందివర్ధనం పువ్వులు తెచ్చి, పడుకునేటప్పుడు రెండు కళ్ల మీదా పెట్టి గుడ్డ కట్టింది. చల్లగా, హాయిగా ఉండేది. ఆ హాయిలో కొన్ని రోజులు పోయాయి. ఆ పువ్వుల మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. పెట్టిన చెయ్యి ప్రేమతోనే పెట్టింది.

ఒక మధ్యాహ్నం జామచెట్టు మీద గోరింకలు కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. ఎండకు ఎడమకన్ను మూసుకుని చూస్తే సగం చెట్టే ఉంది. మిగతా సగం చోట బూడిదరంగు నీడ. తల తిప్పితే ఆ సగం కనిపించింది కానీ ఇటు సగం మాయమైంది. మర్నాడు పొద్దున మా అత్త కాఫీ గ్లాసు తెచ్చి నా ముందు నిలబడింది. ఎడమకంట్లో నలక పడి దాన్ని మూసుకుని నులుముతున్నాను. తెరిచిన కుడికంటితో చూస్తే మా అత్త నోరు కదులుతోంది, గడ్డం ఉంది. పైన ఏమీ లేదు.

"అత్తా, నీ కండ్లు యాడ?" అన్నాను.

"అదేమి మాటే? నా కండ్లు ఉండే తావులోనే ఉండాయి. నీకేమైంది?"

గ్లాసు ఆవిడ చేతిలోంచి జారిపోయింది. మా ఆయన అంగడి వదిలేసి పరిగెత్తుకొచ్చాడు.

మా ఊళ్లో కళ్లు చూసే డాక్టరు టార్చి వేసి ఒకసారి చూశాడు. ఇంకోసారి చూడలేదు. "ఈ పొద్దే బెంగళూరు పోండి. తల అదరకుండా తీసుకపోండి" అని మా ఆయనతో చెప్పాడు. నాతో ఏమీ చెప్పలేదు.

బంగారుపేటలో రైలు మారాం. రోజూ బెంగళూరు పోయి పనిచేసి వచ్చేవాళ్లతో పెట్టె కిక్కిరిసి ఉంది. మా ఆయన ఎప్పుడూ ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. ఆ రోజు పెట్టెలో నిలబడి గట్టిగా అన్నాడు. "అప్పా, ఈమె తల అదరకూడదంట. కన్ను పోతాదంట. కొంచెం చోటియ్యండప్పా." బెంచీ మొత్తం లేచింది. ఎవరో తన స్వెట్టరు చుట్టి నా తల కింద పెట్టాడు. బెంగళూరు వచ్చేదాకా ఆ మనిషి చలికి చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాడు. దిగేటప్పుడు స్వెట్టరు ఇవ్వబోతే "తలకాయ ఎత్తొద్దమ్మా, ముందు దిగు" అన్నాడు.

ఆస్పత్రి హాలులో అందరూ ఒకే తీరుగా కూర్చుని ఉన్నారు. తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని, చెంపల మీదికి కారే చుక్కల మందును దూదితో అద్దుకుంటూ. ఒక నర్సు వరసగా వచ్చి చుక్కలు వేసి పోతుంది. ఎవరి పేరు పిలుస్తారోనని అందరి చెవులూ ఒకే తలుపు వైపు. నా పక్కన ఒక పెద్దామె కూర్చుంది. పేరు మునెమ్మ. ముళబాగిలు దగ్గర కురుడుమలెలో మామిడితోట ఉందంది. కొడుకు తోడు వచ్చాడు.

"ఒక కన్ను పోయి శానా దినాలైంది తల్లీ. అప్పుడు చూపించుకోలేదు. ఇంగ ఇది ఒకటే ఉండాది. మా ఊరి వినాయకునికి చెప్పుకున్యా. నువ్వూ చెప్పుకో" అంది.

"నీకు కూడా ముందు నల్లచుక్కలు కనబడినాయా అవ్వా?"

"కనబడినాయి. దోమలనుకుంటి. చెయ్యి ఊపి తోలితే పోవే!"

అప్పుడు నాకు మా నాయన గుర్తొచ్చాడు. బేతమంగళ దగ్గర మా పుట్టినూరు. నాయన రాగిచేను చేసేవాడు. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు అరుగు మీద కూర్చుని, "కాకులు దిగతా ఉండాయి, తోలండి" అని మమ్మల్ని కేకేసేవాడు. చేలో ఒక్క కాకి ఉండేది కాదు. మాతో ఆటలాడుతున్నాడనుకునేవాళ్లం. ఆ తర్వాత ఆయనకు ఒక కన్ను పోయింది, కొన్నేళ్లకు రెండోది. పుట్ట మీద నాగలి పోనిచ్చాడని, నాగదోషమని ఊరంతా అంది. మేమూ నమ్మాం. ఆ హాలులో, చెంపల మీద మందు కారుతుండగా, నాయన ఆటలాడలేదని తెలిసింది. ఒక కన్ను, తర్వాత రెండోది. నాకూ ఆ వరసేనా అనుకుని, దూది పక్కన పెట్టి ఎడమకంటిని తడుముకున్నాను.

మునెమ్మను పిలిచారు. కాసేపటికి బయటికి వచ్చింది. ముఖం విప్పారి ఉంది. "ఇంగ రానక్కర లేదన్నారు తల్లీ! ఊరికి పోయి ఇంట్లో ఉండమన్నారు" అని నా చెయ్యి పట్టుకుంది. వెనక ఆమె కొడుకు నిలబడి ఉన్నాడు. మా ఆయన వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఆమెకు కనిపించదు కాబట్టి ఊపాడు.

నా వంతు వచ్చింది. డాక్టరు పెద్దాయన, కన్నడం కలిపిన తెలుగులో మాట్లాడాడు. "నోడమ్మా, గోడకు అతికించిన కాయితం తడిసి ఊడిపోతాది కదా, నీ కంటి వెనక పొర అట్ల ఊడింది. అతికిస్తాం. లోపల గాలిబుడగ ఒకటి పెడతాం, అది పొరను అదిమి పట్టుకుంటాది. బుడగ పైకే తేలతాది కాబట్టి నువ్వు బోర్లా పడుకోవాల. తింటున్నా, కూర్చున్నా, నడిచినా మొగం నేలకే."

"చూపు వస్తాదా సార్?" మా ఆయన అడిగాడు.

"ప్రయత్నం చేస్తాం."

ఇంతకు మించి ఆయన ఏమీ అనలేదు. ఆపరేషన్ గురించి నేనూ ఇంతకు మించి రాయను. మెలకువగానే ఉన్నాను, వాళ్లు క్రికెట్ గురించి మాట్లాడుకోవడం వినిపించింది. వాళ్లకు మాట్లాడుకునే తీరిక ఉందంటే నా కన్ను మరీ చెడిపోలేదేమోనని ఆ మాటలను పట్టుకుని వేలాడాను.

జనవరి

బోర్లా పడుకోవడం ఒక రోజు చేస్తే వింతగా ఉంటుంది. రెండో రోజుకు మెడ విరిగిపోతుంది. ముక్కు నొక్కుకుంటుంది, ఊపిరాడదు. మా ఆయన ఆలోచించి, రెండు గోతాల్లో సగం సగం తవుడు పోసి మంచం మీద పక్కపక్కన పెట్టాడు. మధ్య సందులో నా ముఖం. మంచం తాళ్లు అక్కడ వదులు చేసి నేల కనిపించేటట్టు చేశాడు. ఆ జనవరంతా తవుడు వాసనలోనే బతికాను. ఇప్పటికీ కొత్త తవుడు మూట విప్పితే నా మెడ నొప్పి పుడుతుంది.

ముద్ద తినడం కుదిరేది కాదు. పీట మీద కూర్చోబెట్టి, నా ముఖం కిందికి ఉండగానే, మా అత్త నేల మీద కూర్చుని కింద నుంచి నోటికి అందించేది. మోకాళ్ల నొప్పులతో లేవలేక గొణిగేది. ఇంటిపని, వంట, నేను, అన్నీ ఆ వయసులో ఆవిడ మీద పడ్డాయి. పొద్దున అంగడిలోంచి చాట వస్తే, "ఇంగ ఈ పిట్టల సేవ కూడా నాకేనా" అంటూనే పెరట్లోకి పోయేది.

బోర్లా పడుకున్న మనిషి నిద్రపోతోందనే అందరూ అనుకుంటారు. అందుకే ఎన్నో మాటలు నా చెవిన పడ్డాయి. ఒక మధ్యాహ్నం మా అత్త వంటింటి గడపలో కూర్చుని మా ఆయనతో అంటోంది.

"వాళ్ల నాయనకు వచ్చిందే దీనికీ వచ్చినాది సత్యం. నేను కండ్లారా చూసినాను ఆ మనిషిని. ఇంగ బిడ్డకూ అవే అద్దాలు. నాకు నిద్ర పట్టదురా."

"అమ్మా, గొంతు తగ్గించు."

"తగ్గిస్తే వచ్చేది ఆగతాదా?"

అంతవరకు నా భయం నా కన్ను చుట్టూ తిరిగేది. ఆ మాటతో అది లేచి వెళ్లి కల్పన మీద కూర్చుంది. పక్కగదిలో పిల్ల ఫిజిక్సు బట్టీ పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. మధ్యలో ఆగితే చెవి రిక్కించేదాన్ని. ఎందుకాగింది? కళ్లు నులుముకుంటోందా?

దానికి ఇవేవీ తెలియవనే అనుకున్నాను. ఒక రోజు కాలేజీ నుంచి వచ్చి, మా ఆయన గడ్డం గీసుకునే అద్దాన్ని తీసుకొచ్చి మంచం కింద నేల మీద వాల్చి పెట్టింది. నా కళ్లజోడు జారిపోకుండా వెనక తాడు కట్టింది.

"ఎడమకంటితో చూడమ్మా. ఏం కనిపిస్తా ఉండాది?"

పెరటి గుమ్మం కనిపించింది. తలకిందులుగా, ఆకాశం కింద, బండ పైన. బండకు వేలాడుతూ పిచ్చుకలు గింజలు తింటున్నాయి. ఎన్నాళ్లకో నేల కాని ఇంకో వస్తువును చూశాను. ఏడవకూడదని డాక్టరు చెప్పలేదు కానీ, ఏడిస్తే బుడగ కదులుతుందేమోనని పెదవి కొరుక్కుని ఆపుకున్నాను.

అద్దంలో పట్టనివి మా అత్త చెప్పేది. ఆవిడకు పిట్టల పేర్లు తెలియవు. "ఈ పొద్దు ఒకటి వచ్చినాది. కాకి మాదిరి నల్లగా ఉండాది, రెక్కలు మాత్రం ఇటుకరంగు. చెట్టెక్కకుండా నేల మీదే నడస్తా ఉండాది, అత్తగారి మాదిరి" అనేది. జెముడుకాకి అత్తా అది, కనబడితే మంచిదంటారు అంటే, "అయితే రేపు కూడా రమ్మను" అని లేచిపోయేది.

రిపబ్లిక్ డే నాడు రేడియోలో గుజరాత్ భూకంపం వార్త వచ్చింది. తర్వాత రోజుల తరబడి అదే. కూలిన ఇళ్లు, కింద చిక్కినవాళ్లు. మామూలుగా అయితే పేపరు ముందేసుకుని అందరికీ చదివి వినిపించేదాన్ని. ఇప్పుడు రేడియో ఆపేయమని బతిమాలాను. ఎందుకో చెప్పలేదు. గనిలో లోతున రాయి పగిలినప్పుడు పైన మా ఊరు అదురుతుంది. ఏర్ బ్లాస్ట్ అంటారు. కోడలిగా వచ్చిన కొత్తలో దానికి బయటికి పరిగెత్తేదాన్ని. తర్వాత అలవాటైంది, గిన్నెలు గలగలమంటే గోడ పట్టుకుని నిలబడి, ఆగాక మళ్లీ పోపు వేసుకునేదాన్ని. కానీ ఇప్పుడు తల అదరకూడదు. అతికించిన కాగితం ఇంకా ఆరలేదు.

నేను భయపడినంతా అయింది. ఒక పొద్దున అద్దంలోకి చూస్తున్నాను. పిచ్చుకలన్నీ ఒక్కసారిగా లేచాయి. ఎందుకు లేచాయా అనుకునేలోపల మంచం కింద నేల దడదడలాడింది. అటక మీది గిన్నెలు మోగాయి. అద్దం పక్కకు జారి పడింది. గోతాలు నా చెంపలకు కొట్టుకుంటున్నాయి. వంటింట్లోంచి మా అత్త వచ్చింది. మోకాళ్ల నొప్పుల మనిషి ఎలా వచ్చిందో తెలియదు. మంచం పక్కన కూలబడి రెండు చేతుల్తో నా తలను పట్టుకుంది. కదలకుండా, దిటవుగా, పసిబిడ్డ తలను పట్టుకున్నట్టు.

"ఏమీ కాదు, ఏమీ కాదు, నేనుండాను" అంటోంది. ఇల్లంతా వణుకుతోంది. అయినా నా తల వణకలేదు.

అదురు ఆగాక కూడా ఆవిడ వదల్లేదు. చేతులు పిండివాసన వేస్తున్నాయి.

తర్వాత కొద్దిరోజులకే, అద్దంలోకి చూస్తుంటే ఎడమకంట్లో మెరిసింది. మంచి కంట్లో. గుమ్మం దగ్గర స్టీలు బిందె ఎండకు మెరిసిందేమో అనుకున్నాను. బిందె తీయించాను. మళ్లీ మెరిసింది.

మా ఆయనను పిలిచి చెప్పేటప్పుడు నా మాట నాకే కొత్తగా వినిపించింది. ఆయన అంగడి మూస్తున్న తలుపు చప్పుడు వినిపించింది.

మళ్లీ అదే రైలు. ఈసారి తల వంచుకుని కూర్చున్నాను, గడ్డం గుండెకు ఆనించి. ఎదురుగా కూర్చున్న ఆమె చాలాసేపు చూసి, "ఏం పోగొట్టుకున్నావు తల్లీ, ఎతకతా ఉండావు?" అంది. వంగి తను కూడా బెంచీ కింద వెతకడం మొదలుపెట్టింది. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది.

డాక్టరు కుడికన్ను చూసి, పొర అతుక్కుందన్నాడు. ఎడమకంట్లో ఒకచోట పలచబడి చిల్లు పడబోతోందని లేజరుతో కుట్టేశాడు. సమయానికి వచ్చారన్నాడు. మేం ఊపిరి పీల్చుకునేలోపల ఇంకో మాట అడిగాడు.

"ఇంట్లో ఇంకా ఎవరికన్నా ఇంత పవరు అద్దాలున్నాయా?"

మా ఆయన నా వైపు చూడటం నాకు కనిపించలేదు, నేను నేల చూస్తున్నాను. కానీ ఆయన చూశాడని తెలుసు.

"మా పాపకు, సార్."

"పిలుచుకుని రండి. ఆలస్యం చేయొద్దు."

ఫిబ్రవరి

కల్పన రానంది. ప్రాక్టికల్సు ఉన్నాయంది, తర్వాత పరీక్షలంది. "నాకేమీ లేదు. మీరంతా ఊరికే, సుమ్నే భయపెడతా ఉండారు" అని పుస్తకం విసిరికొట్టింది. ఎప్పుడూ ఎదురు చెప్పని పిల్ల. మా ఆయన కోప్పడితే అన్నం మానేసింది. మా అత్త మనసు కూడా రెండుగా చీలింది. ఒక పూట "తీసుకపోండిరా" అనేది, ఇంకో పూట "పిల్లకు కండ్ల రోగమని ఊరంతా చాటతారా" అనేది. ఒకే ఇంట్లో నలుగురం నాలుగు మూలలకు తిరిగి కూర్చున్నాం.

నన్ను కొంచెం కొంచెంగా తల ఎత్తనిచ్చారు. కుడికంట్లో బుడగ మేస్త్రీల రసమట్టంలో గాలిబుడగలాగా ఊగేది. పై అంచున సన్నగా వెలుతురు, కింద నీళ్లు. ఆ వెలుతురులో మనుషులు వంకరగా కదిలేవారు. వస్తున్న చూపును చూసి సంతోషించాల్సిన రోజులు. నేను మాత్రం కల్పన నడకనే చూస్తూ ఉండేదాన్ని. గడప తడబడిందా? గ్లాసు అందుకోబోయి పక్కన చెయ్యి పెట్టిందా?

ఆ నెలాఖరుకు గని మూతపడింది. ఆ రోజు బజారులో పెద్దగా కేకలేమీ లేవు. మనుషులు గుంపులు గుంపులుగా అంగళ్ల ముందు నిలబడ్డారంతే. మా అంగడికి పాతికేళ్లుగా వచ్చే తమిళ గనికూలీ ఒకాయన మూట మీద కూర్చుని చాలాసేపు లేవలేదని మా ఆయన చెప్పాడు. ఆయనకు కాఫీ ఇచ్చి పంపడానికి అత్త అంగడిలోకి వెళ్లింది. ఇంట్లో నేనూ కల్పనా మిగిలాం. అది వచ్చి నా మంచం దగ్గర నేల మీద కూర్చుంది.

"అమ్మా, నాకూ మెరుస్తాది."

ఎప్పటి నుంచి అన్నాను.

"నీకు ఆపరేషన్ అయినప్పటి నుంచీ. ఎడమకంట్లో. చెప్తే నన్ను కూడా బోర్లా పండబెడతారని చెప్పలేదు. ఆ అద్దం పెట్టినప్పుడు కూడా... అది నీకోసమే కాదమ్మా. నాకు వస్తే ఎట్ల ఉంటాదో చూసుకుందామని నేను కూడా పండుకుని చూసినాను."

దాని తల నిమిరాను. తిట్టలేదు, ఓదార్చలేదు. "రేపు పొద్దున రైలుకు పోదాం" అన్నాను. అది తల ఊపింది.

మా ఆయన రాలేని రోజు అది. ఊళ్లో బందు జరుగుతుందని, అంగళ్ల మీదికి జనం వస్తారని పుకారు. ముసలామెను ఒంటరిగా వదిలి రాలేడు. నేనే తీసుకుపోతానన్నాను. ఎవరూ వద్దనలేదు.

ఆస్పత్రిలో నర్సు ఇద్దరికీ చుక్కలు వేసింది, నన్ను కూడా చూస్తారట. ముందు కల్పనను పిలిచారు. నా కోసం ఎదురుచూసినప్పుడు మా ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఇప్పుడు కుర్చీ చెయ్యి పట్టుకున్నాను. ఆ తలుపులోంచి మునెమ్మ కొడుకు వచ్చిన తీరు మనసులోంచి పోలేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా, ముందు వచ్చే మనిషి ముఖం కాక వెనక వచ్చేవాళ్ల తల ఎటు ఊగుతుందో చూసేదాన్ని. నాకున్న ఒక్క మంచి కన్నును తీసుకొమ్మని ఎవరితో బేరమాడాలో తెలియక అందరు దేవుళ్లతో ఆడాను.

డాక్టరే బయటికి వచ్చి పిలిచాడు. ఎడమకంట్లో రెండు చిల్లులున్నాయన్నాడు. పొర ఇంకా ఊడలేదు. వాటి చుట్టూ లేజరు వేసేస్తాం, ఈ రోజే. "బోర్లా పడుకోవాలా సార్?" అంది కల్పన. "అక్కర లేదమ్మా. పరీక్షలు రాసుకో" అన్నాడు. అది కుర్చీలో కూర్చుని రెండు చేతుల్లో ముఖం దాచుకుంది.

ఇది జరిగి చాలా ఏళ్లయింది. కల్పన రెండు కళ్లూ బాగున్నాయి, ఏడాదికోసారి చూపించుకుంటుంది. నా కుడికంటికి అక్షరం ఆనదు, నిలువు గీతలు వంగి కనిపిస్తాయి. పొద్దున లేవగానే ఒక కన్ను, తర్వాత ఇంకో కన్ను మూసి, కిటికీ కమ్మీలు అన్నీ ఉన్నాయా అని చూసుకుంటాను. ఏ రోజూ మానలేదు. మా అత్త పోయింది. గని పోయాక బజారు పలచబడింది, పిచ్చుకలు కూడా. గోరింకలు మాత్రం కొట్టుకుంటూనే ఉన్నాయి.

కానీ ఆ రోజు సంగతి ఇంకొంచెం ఉంది.

ఆస్పత్రి బయటికి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. చుక్కల మందుకు ఇద్దరి కంటిపాపలూ విచ్చుకుని ఉన్నాయి. రోడ్డంతా తెల్లటి మంట. స్టేషనుకు బస్సు ఎక్కాలంటే అటుపక్కకు దాటాలి. ఏదో పెద్దగా, ఎర్రగా పోయింది.

"అమ్మా, బస్సా అది?"

"లారీ అనుకుంటా. నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెప్పు."

"నాకు నువ్వే సరిగ్గా కనబడటం లేదు."

ఇద్దరం నవ్వాం. నవ్వి, అక్కడే నిలబడిపోయాం. హారన్లు ఎటు నుంచి వస్తున్నాయో తెలియదు. దాని అరచెయ్యి నా చేతిలో చెమట పట్టింది.

"భయమేస్తా ఉండాదమ్మా" అంది. రోడ్డు గురించి కాదని తెలుసు.

డిసెంబరు నుంచి నాకు అందరూ చెప్పిన మాట ఒక్కటే, ఏమీ కాదు, భయపడొద్దు అని. దానికి నేనూ అదే చెప్పబోయి ఆగాను.

"నాక్కూడా" అన్నాను. "చెయ్యి వదలొద్దు. పద."